కిస్మిస్ లెక్క

మిల్డూరాలో ఫిబ్రవరి.
ఇనప వలల మీద ద్రాక్ష ఎండుతుంటే
ఊరు ఊరంతా ముదురు పాకం వాసన.

పక్క తోట స్టావ్రోస్ తుంటి ఆపరేషన్‌కి పోతూ
పదకొండు రోజులకి తన పిల్లిని నాకప్పగించాడు.
దాని పేరు ఒలింపియా. నేను గవ్వా అన్నాను.
రెంటికీ పలకలేదు.
"చేప, కోడి, నీళ్ళు" అని వేళ్ళు మడిచి
నాలుగో వేలు గాల్లో ఆడించాడు:
"ద్రాక్ష మాత్రం వద్దు. ఎండినా, పచ్చిదైనా."
నలభై ఏళ్ళు ద్రాక్ష అమ్ముకుని బతికిన మనిషి.

పిల్లికి బిచ్చం పెట్టని వంశం కాదు మాది.
రెండో రోజు ఖర్బూజా కోస్తుంటే
బల్లెక్కి, నా మణికట్టు మీద కాలేసి
ముక్కని నాకి నాకి పీచు తేల్చింది.
"మా గవ్వకి తీపంటే ప్రాణం" అని
ఫోన్లో అందరికీ చెప్పుకున్నాను.
పెరట్లో నిమ్మచెట్టంటే మాత్రం దానికి పడదు,
పది అడుగుల దూరంలోనే ముక్కు చిట్లించి వెనక్కి తిరుగుతుంది.

గురువారం రాత్రి సేమ్యా పాయసం.
నెయ్యి కాగింది. కవరు చిరిగింది.
నేలంతా కిస్మిస్.
గవ్వ ఒకదాన్ని పంజాతో కొట్టింది,
అది ఫ్రిజ్ కిందికి దొర్లింది,
ఇంకోదాన్ని కొట్టింది.
పిల్లికి చెలగాటం. ప్రాణసంకటం కూడా పిల్లికే.
చీపురుతో దాన్ని గదిలోకి తోలి
పశువుల ఆసుపత్రికి ఫోన్ చేశాను.

నిద్ర గొంతుతో ఒకమ్మాయి. "ఎన్ని తింది?"
"ఎన్ని తింటే ప్రమాదం?"
కాసేపు ఏమీ అనలేదు.
"కుక్కల కిడ్నీలు పాడవడం చూశాం.
పిల్లుల సంగతి అంత బాగా తెలీదు.
ఎంతదాకా పర్లేదో ఎవరికీ తెలీదు,
అందుకే ఒక్కటీ వద్దంటాం."
ఖర్బూజా సంగతీ చెప్పాను, తప్పు ఒప్పుకుంటున్నట్టు.
ఆమె నవ్వింది. "చిన్న ముక్కకేం కాదు.
కానీ పిల్లి నాలుకకి తీపి తెలీదండీ.
ఆ వాసనలో దానికి మాంసమేదో తగులుతుందంటారు."

నా ఉద్యోగం షెడ్డులో లెక్క పెట్టడం.
వంద గ్రాముల శాంపిల్లో గింజలెన్నో
కవరు మీద రాస్తాను. ఇదీ శాంపిలే.
నా చేతిరాతలోనే ఉంది: రెండొందల పన్నెండు.
స్టవ్ ఆర్పేసి మోకాళ్ళ మీద కూర్చున్నాను.
ఫ్రిజ్ జరిపాను. చాప దులిపాను.
చెప్పులో ఒకటి, పంచదార డబ్బా వెనక ఒకటి.
పదింటిని పది వరసలుగా పేర్చి,
చెరిపి, మళ్ళీ పేర్చి
రెండొందల పదకొండు.

కవరు విప్పగానే ఒకటి నోట్లో వేసుకున్నానా?
ఏళ్ళ అలవాటు, వేసుకునే ఉంటాను.
నాలుక తిప్పి చూశాను. పళ్ళ సందున ఏదో తీపి.
మధ్యాహ్నం తిన్న బెల్లందా?

అందని ద్రాక్ష పుల్లనంటారు.
అందిందో లేదో తెలీని ద్రాక్షకి సామెత లేదు.

తెల్లవార్లూ దాని పక్కనే కూర్చున్నాను.
కక్కిందా, నీళ్ళెక్కువ తాగుతోందా,
పొట్ట ఎగసి పడుతోందా.
అది మాత్రం నా పాదం మీద గడ్డం ఆనించి
గురక పెట్టింది. మూడింటప్పుడు నేనూ ఒరిగిపోయాను.

లేచేసరికి వెలుగు. గవ్వ ఎదురుగా నిలబడి ఉంది.
నా చెప్పుల మధ్య, జాగ్రత్తగా, సగం ఎలుక.
తిను, అన్నట్టు
నా మొహం వంక, దాని వంక.

నా నాలుకకి ఆ రుచి తెలీదని
దానికెవరు ఫోన్ చేసి చెప్తారు?
"చాలా బాగుంది" అన్నాను.
అది ఒళ్ళు నాక్కోవడం మొదలెట్టే దాకా ఆగి,
కాగితంలో చుట్టి పట్టుకెళ్ళి
నిమ్మచెట్టు కింద పాతిపెట్టాను.
అటు ఎలాగూ రాదు.